గుడివాడ గోలీ దగ్గరుండిపోయిన నా చొక్కా

గుడివాడ గోలీ చనిపోయాడని మొన్న మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు బందరు హార్బర్లో చేపల పెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తున్నాను. గుండెపోటట. రెండ్రోజులు ఆస్పత్రిలో ఉండి పోయాడట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకో పన్నెండు రోజుల్లో మా రెండు ఊళ్ళకీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. ఆయన మీద గోల్ కొట్టి నా చొక్కా వెనక్కి తెచ్చుకోవాలని రెండేళ్ళుగా కాచుక్కూర్చున్నాను. చెప్పాపెట్టకుండా తప్పించుకుపోయాడు.

మా పద్ధతి మీకు చెప్పాలి. బందరుకీ గుడివాడకీ ఫుట్‌బాల్ జరిగినప్పుడు పెనాల్టీ పోగొట్టినవాడు ఒంటిమీది చొక్కా విప్పి అవతలి గోలీకి ఇచ్చెయ్యాలి. మళ్ళీ అదే గోలీ మీద గోల్ కొడితేనే అది తిరిగొస్తుంది. అడిగితే రాదు, బతిమాలితే రాదు.

రెండేళ్ళ కిందట గుడివాడ గ్రౌండులో చివరి పెనాల్టీ నాది. సాయంత్రమైతే మా బందరు గ్రౌండు మీదికి సముద్రపు గాలి తోసుకొస్తుంది. బంతిని మధ్యలోకి కొడితే చాలు, గాలే దాన్ని మూలకి తీసుకుపోతుంది. చిన్నప్పట్నుంచీ నా కాలు అలాగే నేర్చుకుంది. గుడివాడలో అంత గాలి ఉండదన్న సంగతి ఆ క్షణాన దానికి గుర్తురాలేదు. బంతి తిన్నగా మధ్యకే వెళ్ళింది. ఆయన అటూ ఇటూ దూకలేదు. ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడి, పొట్టకి అదుముకున్నాడు.

“ఏం అల్లుడూ, మీ బందరు గాలికి బస్సు దొరకలేదా?” అన్నాడు, లేని వరస కలిపి. గ్రౌండంతా ఒకటే నవ్వు. చొక్కా విప్పి ఇస్తే అందరికీ ఎత్తి చూపించాడు. “ఎవరింట్లోనైనా అల్లుడికి బట్టలు పెడతారు. మా ఇంట్లో అల్లుడే విప్పి పెడతాడు!”

ఒంటిమీద చొక్కా లేకుండా బస్సెక్కాను. పెడన దాటేదాకా తలెత్తలేదు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఆయనకి గుడివాడలో, బందరు రోడ్డు మీద లారీ టైర్ల పంక్చర్ షాపుండేది. నా వ్యాను రోజూ దాని ముందు నుంచే వెళ్ళాలి. అది తెలిసే, నా తొమ్మిదో నంబరు చొక్కాని రోడ్డువైపు కనబడేలా గాలి మిషను పైన తగిలించాడు. నేను ఆపేవాణ్ణి.

“చొక్కా చూసుకోడానికొచ్చావా, గాలి కొట్టించుకోడానికా?”

“నీ అంతు చూడ్డానికొచ్చాను మావయ్యా.”

“అయితే కూర్చో. టీ తాగి చూద్దువుగాని.”

ఆయన ట్యూబుని బుగ్గకి ఆనించుకునేవాడు. సన్న లీకు చేతికి తెలీదు, బుగ్గకి తెలుస్తుందనేవాడు. అలా కళ్ళు మూసుకునే చెప్పేవాడు: “నేను బంతిని చూడను అల్లుడూ, కొట్టేవాడి కాలు చూస్తాను. నోరు అబద్ధమాడుద్ది గానీ కాలు ఆడదు.” తొమ్మిదో తరగతిలో బడి మానేశాక నన్ను కూర్చోబెట్టి ఏదైనా చెప్పినవాడు ఆయనొక్కడే. అదీ నన్ను ఓడించి చెప్పాడు. అందుకే ఇంకా మండేది.

మా కుర్రాళ్ళు ఇష్టమైన ప్లేయరెవరని గొడవపడుతూ టీవీలో చూసిన పేర్లు చెప్పేవాళ్ళు. నేనూ ఏదో పేరు చెప్పేవాణ్ణి. శత్రువు టీం గోలీ అంటే తంతారు కదా.

పోయినేడు మ్యాచ్ తుఫానుకి కొట్టుకుపోయింది. ఈ ఏడాదంతా గాలి తగలని చోటు వెతుక్కుంటూ మొవ్వ దాకా వెళ్ళి, కోతలైన పొలాల్లో మూలకి కొట్టడం నేర్చుకున్నాను. ఒక్కో దెబ్బకీ ఆయన మొహమే తలుచుకున్నాను.

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలీక, “అత్తా, ఆ చొక్కా...” అన్నాను.

ఆయన భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఇవ్వొద్దన్నాడు బాబూ. ఆస్పత్రిలో కూడా అదే మాట. ‘వాడు ఏడుపు మొహమేసుకుని వస్తాడు, జాలిపడి ఇచ్చేవు. గోల్ కొడితేనే’ అన్నాడు.”

“ఇప్పుడు ఎవరి మీద కొట్టాలత్తా?”



అక్కణ్ణుంచి తిన్నగా గ్రౌండుకి పోయాను. మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేరు. గోల్ స్తంభాలకి వల లేదు, వెనక ప్రహరీగోడ. స్తంభాల మధ్య ఆయన బూట్లు ఏళ్ళ తరబడి తవ్విన గుంట. వ్యానులోంచి బంతి తెచ్చి పెట్టాను. ఏడాదంతా కొట్టడం నేర్చుకున్న మూల అక్కడే ఉంది. అటు కొట్టబుద్ధి కాలేదు. ఆయన నిలబడే చోటికి, తిన్నగా ఆయన పొట్టలోకి, పగంతా కాలిలోకి తెచ్చుకుని తన్నాను.

అడ్డం ఎవరూ రాలేదు. బంతి గోడకి కొట్టుకుని, మెల్లగా వెనక్కి దొర్లుకుంటూ వచ్చి, ఆ గుంటలోకి దిగింది.

“మళ్ళీ పట్టేశావా మావయ్యా” అన్నాను.

బంతి గుంటలో రెండుసార్లు ఊగి, ఆగిపోయింది.