ఆముదం తాగిన పెట్రోల్ పంపు

ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో, కోరుట్లలో నా మోటారు వైండింగ్ దుకాణం తెరిచిన రోజులకన్నా షట్టర్ దించిన రోజులే ఎక్కువ. పొద్దున చౌరస్తాలో గొంతు పోయేదాకా జై తెలంగాణ అని అరిచి, పది దాటేసరికి ఇంటికి చేరేవాణ్ణి. పెళ్లి కాలేదు, చేతిలో పని లేదు, ఐటీఐ చదివానన్న పొగరు మాత్రం దండిగా ఉండేది (ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది). ఊరికే కూర్చోలేక జగిత్యాలలో పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి ఒక పాతకాలం పెట్రోల్ పంపు తెచ్చుకున్నాను. పక్కనున్న పిడిని ఊపితే పెట్రోల్ పైనున్న గాజు గొట్టంలోకి ఎక్కి, అక్కణ్ణుంచి పైపులోకి దిగే రకం. ట్రాలీ ఆటోలోంచి దించుతుంటే, వాకిట్లో బీడీలు చేస్తున్న మా అవ్వ "పిల్లను తెమ్మంటే గీ ఇనుప బొమ్మను తెచ్చినవేందిరా" అంది.

మూడు నెలలు దాన్ని గీకాను, రుద్దాను, ఎర్ర రంగు వేశాను. లోపలి తోలు వాసరు చివికిపోతే, సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే మేనమామ దగ్గర సాంచెకు వాడే తోలు ముక్క తెచ్చి, కోసి బిగించాను. కింద డ్రమ్ములో నీళ్లు పోసి ఎంత ఊపినా చుక్క పైకెక్కలేదు. మా బాపు వయసులో ఉన్నప్పుడు కథలాపూర్ దిక్కు ఒక దొర జీపుకు ఇలాంటి పంపుతోనే పెట్రోల్ కొట్టేవాడు. అడిగితే ఒక్క మాటలో తేలేది. చదువుకున్న నేను చదువు లేని తండ్రిని అడగడమా! ఆయనా అటూ ఇటూ పోతూ "ఇంకా కాలేదా ఇంజినీర్ సారూ" అనేవాడే తప్ప ఆగేవాడు కాదు. అది పనిచేస్తుంటే ఆయన నోరు తెరుచుకుని చూడాలని నాకు ఒకటే కోరిక.

ఒకసారి బంద్ వరుసగా రెండు రోజులు నడిచింది. బంకులన్నీ మూతపడ్డాయి. మా వాకిట్లో నిగనిగలాడుతున్న పంపును చూసి ఒకాయన ఖాళీ సీసాతో వచ్చాడు. "అన్నా, ఒక్క లీటరు కొట్టే, ముత్యంపేట పోవాలె." ఇందులో నీళ్లేనని చెప్తుండగానే వెనక పదిమంది లైను కట్టారు. "నీళ్లయితే కొట్టి సూపియ్యరాదే?" అన్నారు. ఊపాను. చుక్క రాలేదు. "సూశిండ్రా, దాసిపెట్టిండు!" అంతలో పొద్దున నాతో కలిసి అరిచిన పిల్లలే గుంపుగా వచ్చారు. "మాతోని నినాదాలిచ్చి ఇంటికాడ బంకు తెరిశినవా? ఎత్తుండ్రి, చౌరస్తల పడేద్దాం!" నలుగురు పంపు మీద చేతులు వేశారు. మూడు నెలల కష్టం కళ్లముందే పోతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ.

లోపల్నుంచి బాపు ఆముదం సీసాతో వచ్చాడు. "జరుగుండ్రి" అని, పైనున్న బిరడా విప్పి, సీసాలో ఉన్నదంతా లోపలికి ఒంపాడు. తర్వాత పంపు గద్దె మీద తీరిగ్గా కూర్చుని బీడీ ముట్టించాడు. గుంపంతా ఒక్క ఉరుకున రోడ్డు అవతల తేలింది. "పెట్రోల్ పంపు కాడ బీడీ ఏందే తాతా!" అని అక్కణ్ణుంచే కేకలు. "పెట్రోలుంటే గదా కొడుకా, భయం" అని బీడీ చివరిదాకా తాగి, లేచి, భుజం మీది తువ్వాలతో పిడి తుడిచి ఊపాడు. గుడగుడమంటూ నీళ్లు గాజు గొట్టంలోకి ఎక్కాయి. ముత్యంపేట ఆయన సీసాలో పట్టి, వాసన చూసి, "ఆముదం" అని మూతి తిప్పుకున్నాడు. అందరూ నవ్వుకుంటూ పోయారు.

"ముందే చెప్పరాదే బాపూ?" అన్నాను.

"ఎండిన తోలు పట్టది, దానికి ఆముదం తాపాలె. నువ్వు అడుగుతవేమో అని మూడు నెలల సంది గీడనే తిరుగుతున్న గదరా."

నోరు తెరుచుకుని చూసింది నేను.

బాపు పోయి చాలాకాలమైంది. పంపు ఉంది, ఏటా ఆముదం పోస్తుంటాను. ఇప్పుడు దాని పక్కనే మా బిడ్డ కూలర్ మోటారు విప్పుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ కుస్తీ పడుతోంది. ఎక్కడ తప్పు చేసిందో నాకు తెలుసు. వారం నుంచి ఏదో పనున్నవాడిలా అటూ ఇటూ తిరుగుతూ "ఇంకా కాలేదా ఇంజినీర్ మేడమ్" అంటున్నాను.

ఇంకా అడగలేదు.