లెక్కకు అందని వాటం

కొత్తగూడలో మేము కొనుక్కున్న ఫ్లాటులో, వంటింటి వెనక బాల్కనీ కడిగినప్పుడల్లా నీళ్ళు తూము దగ్గరికి పోకుండా ఎదురు మూలకి, సరిగ్గా వాషింగ్ మెషీన్ కిందికి చేరతాయి. మొన్న ఆదివారం బిల్డరు పంపిన మేస్త్రీ వచ్చి, రసమట్టం తీసి, జానెడు జానెడు జరుపుకుంటూ నేలంతా చూశాడు. ఎక్కడ పెట్టినా బుడగ నడిమధ్యనే నిలిచింది. "లెవల్ మంచిగనే ఉంది మేడం, ఏడ వెట్టినా గిట్లనే చూపిస్తుంది. జర వైపర్‌తోని నూకుండ్రి, పరేషాన్ గాకుండ్రి" అని సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. నీళ్ళు మాత్రం మెషీన్ కిందే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది, పాపం అతని మీద కాదు.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో కొత్తగూడ దాటితే బండరాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ ఉండేవి కావు. తెనాలి నుంచి ఒక పెట్టె, పరుపుచుట్టతో వచ్చి, శేరిలింగంపల్లి వైపు ఒక విశ్వవిద్యాలయంలో యాక్సియాన్ మీద పరిశోధనకి చేరాను. అది ఇంతవరకూ ఎవరి కంటా పడని కణం. ఉందంటే మాత్రం, పరమాణు కేంద్రకాన్ని పట్టి ఉంచే బలం కుడి ఎడమలకి తేడా చూపించగలిగీ ఎందుకు చూపించదో తేలిపోతుంది. మేము లెక్కలు మెట్టు మెట్టుగా కడతాం, ముందు పెద్ద ప్రభావం, తరవాత దానికన్నా చిన్నది, ఆ తరవాత ఇంకా చిన్నది. అలా ఎంత దూరం పోయినా యాక్సియాన్ నిలిచే నేల చదునుగానే కనపడుతుంది, ప్రతి మెట్టులోనూ సున్నాయే. కానీ నేల చదును కాదు. ఏ మెట్టుకీ అందని ప్రభావాలు దానికి ఇసుమంత వాటం ఇస్తాయి, ఆ వాటానికే యాక్సియాన్ జారివెళ్ళి తూము దగ్గర, అంటే ఉండవలసిన చోట, ఆగుతుంది. ఇది మొదటిసారి అర్థమైన సాయంత్రం హాస్టల్ వెనక బండ ఎక్కి కూర్చుని, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాను. అంత సంతోషం మళ్ళీ నాకు దొరకలేదు.

మా గైడుగారికి పేరు తెచ్చిన యాక్సియాన్ నమూనా, అంటే మోడల్, ఒకటుండేది. గురుత్వాకర్షణ వల్ల కూడా అలాంటి కనపడని వాటమే పుడుతుందనీ, అది ఆ నమూనాలో యాక్సియాన్‌ని వేరే మూలకి లాగేస్తుందనీ నా లెక్కలో తేలింది, అంటే ఉన్నది ఉన్నట్టుగా ఆ నమూనా నిలవదు. నా థీసిస్ అంతా అదే. గైడుగారు కోప్పడలేదు, కాదనలేదు. ఎంతో మర్యాదస్తులు, విద్యార్థుల్ని అమ్మా అనీ బాబూ అనీ తప్ప పిలవరు. "చూద్దామమ్మా, ఇంత చిన్నదానికి తొందరేముంది" అన్నారు. ఒక ఏడు ఆయన విదేశీ సదస్సు అడ్డొచ్చింది, మరో ఏడు ఇంకో పద్ధతిలో సరిచూసుకోమన్నారు, ఇంకో ఏడు ఆయన పేపరు అచ్చయ్యేదాకా ఆగమన్నారు. అన్నీ సబబుగానే ఉండేవి. కరీంనగర్ నుంచి వచ్చిన మా సీనియర్ అన్న ఒకరోజు చాయ్ బండి దగ్గర, "ఇగ ఆయన నీ థీసిస్ మీద సంతకం పెట్టడు చెల్లే, నీకు సమజ్ అయితలేదా" అన్నాడు. నేను ఆ అన్నతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఫెలోషిప్ అయిపోయింది, హాస్టల్ గది ఖాళీ చెయ్యమన్నారు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిపోయాను. వెళ్ళేరోజు గైడుగారే స్వయంగా మిఠాయి డబ్బా తెచ్చి ఇచ్చారు. కొన్నాళ్ళకి ఎక్కడో ఎవరో అదే ఫలితాన్ని అచ్చువేశారు. ఆయన ఫోన్ చేసి, "నువ్వు చెప్పిందే కదమ్మా" అని మురిసిపోయారు. దానికి తగ్గట్టు నమూనా సవరించుకుని మరో పేపరు కూడా రాసుకున్నారు. కనీసం కింద చిన్న అక్షరాల్లోనైనా నా పేరు లేదు. ఏ ఏటికా ఏడు విడిగా తీసి చూస్తే నాకు ఎవరూ ఏ అన్యాయమూ చెయ్యలేదు, అన్నీ సున్నాలే. మరి నేను ఈ మూలకి ఎలా వచ్చి పడ్డాను?

నేను కూర్చున్న ఆ బండని ఎప్పుడో పేల్చేశారు. రాయదుర్గంలో అలాంటి బండల్ని పేల్చి కట్టిన ఒక టవర్లోనే ఇప్పుడు నా ఉద్యోగం. మేస్త్రీ వచ్చిన మర్నాడు, ఆఫీసు నుంచి వస్తూ మెట్రో స్టేషన్లో గైడుగారిని చూశాను. బాగా వంగిపోయారు, అయినా నన్ను వెంటనే గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నారు. "అంత తెలివైనదానివి, నీకు ఫిజిక్స్ మీద ఆసక్తి ఎందుకు పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదమ్మా" అన్నారు. ఆయన కళ్ళల్లోకి పరీక్షగా చూశాను. నటనైతే ఎంత బాగుండునో, అక్కడికక్కడే కడిగేసి ఇంటికి పోయి సుఖంగా నిద్రపోయేదాన్ని. ఆయన నిజంగానే బాధపడుతున్నారు.

"ఏమోనండి" అన్నాను. ఆయన్ని జాగ్రత్తగా లిఫ్టు దాకా నడిపించి, ఎక్కించి, నా రైలు కోసం వెనక్కి వచ్చాను.