మెడలో మాల ఉన్నన్నాళ్లు

శబరిమల నుంచి వచ్చి మూడు రోజులైనా మా ఆయన మెడలో మాల తీయలేదు. ఇల్లు చేరిన రోజే దీపం ముందు కొబ్బరికాయ కొట్టి తీసేయడం వాడుక. ఆయన రేపు, రేపు అంటూ గడిపారు. ఎందుకో నాకు తెలుసు. రోజుకు రెండు కట్టల బీడీలు తాగే మనిషి, ఆ ఏడు మొదటిసారి మాల వేసుకుని నలభై ఎనిమిది రోజులు ఒక్కటి ముట్టలేదు. అంతకు ముందే ధర్మపురి డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంకా తాగితే ఊపిరితిత్తులు మిగలవని చెప్పి పంపాడు.

"మాల ఉంటే నోరు అడగదే. తీసినానంటే మళ్లీ ఆ పాత మనిషే వచ్చేస్తాడు," అన్నారు.

"ఉండనీండి సామీ, దేవుడే చూసుకుంటాడు," అన్నాను. మాలే ఆయన్ను కాపాడుతుందని నేనూ నమ్మాను.

నాలుగో రోజు పాపారపట్టి నుంచి ఆయన మేనమామ వచ్చాడు. మా ఆయన్ను కొండకు తీసుకుపోయిన గురుసామి ఈ మామే.

"ఏరా అల్లుడా, ఇంకా సామివేనా? చేను పని ఎగ్గొట్టేదానికా?"

"బీడీకి భయపడి, మామా."

"నీ బీడీకి కావలి కాసేదానికా అయ్యప్ప ఉండేది? ఆయనకు వేరే పని లేదా?"

అందరం నవ్వాం. ఆయనా నవ్వుతూనే మాల మీద చెయ్యి పెట్టుకున్నారు. మామ మంత్రం చెప్పి తీస్తుంటే, గుండు కొట్టించుకునే పిల్లవాడిలా తల వంచారు.

తర్వాత రెండు రోజులు లవంగాలు నమిలారు. పెరటికీ వాకిలికీ నడిచారు. రసంలో ఉప్పు లేదని కేకలేశారు, ఉప్పు సరిగానే ఉంది. అన్నం అడిగితే పెట్టగలను, మందు అడిగితే ఇవ్వగలను. అడగకుండా ఉండడానికి ఆయన పడే పాటులో నాకు ఏ పనీ లేదు. పుట్టింట్లో నాన్న నేర్పిన స్తోత్రాలు నాలుగూ చదివాను, మళ్లీ మొదటి నుంచి చదివాను. దగ్గు లేకుండా నిద్రపోయిన ఆ నలభై ఎనిమిది రోజులు ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. ఇంకొక్క రోజు అడగడానికే నోరు రాలేదు.

"నేనేం చేసేది, చెప్పండి?"

"నువ్వేం జేస్తావు? నన్ను చూడకుండా ఉండు. నువ్వు చూస్తే ఇంకా కావాలనిపిస్తాది."

ముఖం తిప్పుకుని తిరిగాను.

మూడో రోజు కారిమంగళం సంతకు పోయి సాయంత్రం వచ్చారు. లోపలికి రాకుండా తొట్టి దగ్గరే నోరు పుక్కిలించారు.

"సగమే తాగినాను," అంటూ చొక్కా జేబులోంచి ఆర్పిన బీడీ ముక్క తీసి నా చేతిలో పెట్టారు. "పారేసెయ్."

నేను చెత్తదిబ్బ దాకా పోయాను. వెనకే వచ్చారు.

"ఇట్లియ్యి."

ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇచ్చాను. పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె అడిగారు. అదీ తెచ్చి ఇచ్చాను.