మొక్కు మేకపోతు మూతికి పసుపు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఆషాఢమాసం. అమీర్‌పేటలో హాస్టళ్ల వెనక సందులో మా మేకల కొట్టం. పాల కోసం పెంచుతాను. జ్వరాల కాలంలో పంజాగుట్ట నుంచి కూడా గిన్నెలు పట్టుకుని వస్తారు. అప్పుడు నాలుగు తల్లి మేకలు, రెండు పిల్లలు ఉండేవి. తల్లులకు పీపీఆర్ టీకా వేయించాను. పీపీఆర్ అంటే మేకల ప్లేగు. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, పారుడు. ఒకదానికి తగిలితే కొట్టమంతా ఊడ్చుకుపోతుంది. పిల్లలకింకా టీకా వయసు రాలేదు. అందుకే బయటి మేకను గుమ్మం దాటనివ్వను. కొత్తదాన్ని కొన్నాళ్లు విడిగా కట్టాలి, దాన్నే డాక్టర్లు క్వారంటైన్ అంటారు. కరోనాలో ఊరంతా నేర్చిన మాటే, ఊరంతా మరిచిపోయింది.

బోనాలు దగ్గర పడుతుండగా మా ఆయన తరఫు చుట్టం, బోరబండ యాదగిరి, ట్రాలీ ఆటోలో మేకపోతును తెచ్చి గుమ్మం ముందు ఆపి, ఆటోలోనే దానికింత ఆకు వేశాడు. కూతురి జబ్బు నయమైతే అమ్మవారికి మేకపోతును ఇస్తానని మొక్కుకున్నాడు.

“అవ్వా, ఆదివారం దాంక నీ కొట్టంల కట్టేస్త. మా ఓనరు మేకను రానిస్తలేడు.”

“నేను సుత రానియ్య. సంతల కొన్నవా?”

“నిన్ననే కొన్న. మస్తుగున్నది, చూడు.”

చూశాను. కళ్లలో పుసి, మూతి నిండా మందంగా పసుపు. తడిగుడ్డ తెచ్చి తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“పసుపు తుడుస్తరా ఎవరన్న? అది అమ్మోరి సొత్తు.”

“నొసటికి పెడ్తరు గని, మూతికి ఎవరు పూస్తరు?”

“పుండ్లున్నయవ్వా. పసుపుకు మానుతయని పూసిన.”

ఆ ముక్క అడిగేదాకా చెప్పడు. తుడిస్తే పెదవుల చుట్టూ పొక్కులు, లోపల చిగుళ్లు పుండ్లు పడి ఉన్నాయి. గుడ్డ పారేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. యాదగిరికి కోపం వచ్చింది.

“నువ్వు కాదంటే గుడి కాడ కట్టేస్త. ఆడ అందరి మేకలున్నయ్.”

అదే నా భయం. అతను ఆటో ఎక్కేలోపు తాళంచెవి లాగి కొంగున ముడేశాను.

“అవ్వా, నా చాబీ.”

“డాక్టరు చూసినంక ఇస్త.”

“అమ్మోరంటే భయం లేదా నీకు?”

“ఉన్నది. గందుకే రోగపు మేకను ఆమె ముంగటికి పోనిస్తలేను.”

డాక్టరు వచ్చి గ్లవుజులు వేసుకుని నోరు తెరిచి చూశాడు. “పీపీఆర్ లాగే ఉందమ్మా. పరీక్షకు పంపుతాను. దీన్ని ఏ మేకతోనూ కలపొద్దు” అని, దవాఖాన వెనక విడి కొట్టంలో కట్టించేందుకు తన మనిషితో పంపించాడు.

యాదగిరి మెట్టు మీద కూలబడ్డాడు. “మొక్కు తప్పితే పిల్లకు మళ్ల ఏమన్నయితె?”

ఆ భయం ముందు నా కోపం కొంత దిగింది. “అమ్మోరు ఏడాది ఆగుతది బిడ్డా. రోగం పూట సుత ఆగదు” అన్నాను. ఆటోను బ్లీచింగ్ నీళ్లతో కడిగించాకే చాబీ ఇచ్చాను.

గండం గడిచిందని కొట్టంలోకి తిరిగితే, మా కోడలు స్వరూప చేతిలో సుబాబుల్ కొమ్మలు. పిల్లలు రెండూ మెడలు చాచి ఆకు అందుకోబోతున్నాయి.

“యాడియి గవి?”

“యాదగిరన్న మేకకేసినవే. ఆటో కడిగేటప్పుడు కింద పడ్డయ్. సగం తిననే లేదు. పారేస్తే నువ్వే తిడ్తవు గద అత్తమ్మా.”

గుంజుకుని బయటికి విసిరేశాను. ఇంత గొడవ కళ్లముందే జరిగింది, అయినా ఆమెకు తట్టలేదు. అయినా తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. రెమ్మ పారేస్తే ఇల్లెక్కి అరిచే దాన్ని నేనే. ఆ కొమ్మలను సందు చివర కాల్చేశాను.

పరీక్షలో పీపీఆరే అని తేలింది. మా పిల్లలు దక్కాయి. రోగం మేక కాళ్ల మీదే రానక్కర్లేదు. అది కొరికిన ఆకు మీద, మూతి పెట్టిన బకెట్టులో, నిమిరిన చేతుల మీద కూడా వస్తుంది. కొట్టంలో ఏది దాచాలో చెప్పినంత గట్టిగా ఏది కాల్చాలో కూడా చెప్పాలని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు స్వరూప ప్రతి రెమ్మా చూపించి, “ఉంచాల్నా, పారేయాల్నా?” అని అడుగుతుంది. పొద్దున లేస్తే ఇదే పాట. విసుగొస్తుంది, అయినా ప్రతిసారీ జవాబు చెబుతున్నాను.