గుట్టల తొవ్వల బయటపడ్డ ముచ్చట

మొన్న మా కోరుట్ల చుట్టాల వాట్సాప్ గ్రూపుల ఒక వీడియో వచ్చింది. తెల్లారంగ గుడ్డెలుగు ఒకటి వాడకట్టుల తిరుగుతాంది. అందరు నవ్వుకుంట మెసేజీలు పెట్టిండ్రు. నేను మాత్రం ఫోను పక్కకు పెట్టి, మా మేనత్తను యాది చేసుకుంట కూసున్న.

కొన్నేండ్ల కింద సిరిసిల్లల చుట్టాలింట్ల తొట్టెల ఫంక్షనుంటే కార్ల బయలెల్లినం. మా ఆయన నడుపుతుండు, వెనుక సీట్ల అత్త. కథలాపూర్ దాటినంక, "పెద్ద రోడ్డు ఒద్దు బిడ్డా, గుట్టల తొవ్వ పట్టుండ్రి" అన్నది. ఎక్కడికి పోయినా కిటికీ అద్దం ఎక్కియ్యనియ్యని మనిషి ఆమె. దుమ్మంత నా పట్టుచీర మీదనే. వానలు వెనుకపట్టిన రోజులు. రెండు దిక్కుల ఎర్రటి బోడగుట్టలు, వాన నీళ్లు కోసుకపోయిన గండ్లు, ఒకదాని మీదొకటి పేర్చినట్టు నల్లటి బండలు. నెమళ్లు రోడ్డుకు అడ్డంగ నిలవడి హారన్ కొట్టినా కదలకపోవుడు, అడివిపందులు పిల్లలను తోలుకొని మక్కచేన్లకెల్లి ఉరుకుడు చూసి, మేం చిన్నపిల్లల లెక్క కేకలు పెట్టినం. అత్త మాత్రం గుట్టల దిక్కే చూస్తాంది.

ఒక మలుపుకాడ సీతాఫలం చెట్లు కనవడితే కారు ఆపినం. అత్త దిగి పండ్లు తెంపవట్టింది. బండల సందులకెల్లి గుడ్డెలుగు వచ్చింది, దాని వెనుక పిల్ల. ఆమెకూ కారుకూ నడుమ నిలవడ్డది. మా ఆయన చెయ్యి హారన్ మీదికి పోతుంటే, అత్త నిలవడ్డకాడనే ఉండి తల అడ్డంగ ఊపింది. అది గాలి వాసన చూసి, గుర్రుమని, మెల్లగ గండిలకు దిగిపోయింది.

కారెక్కినంక అత్త సీటుకు ఒరిగింది. నీళ్లు తాపిన. "మీ మామ మొఖం మీది గీతలు యాదున్నయా?" అన్నది. ఉన్నయి. కాలంజేసిన మామ కల్లు గీసెటోడు. ఆ గీతలు తాటిచెట్టు మీదికెల్లి జారిపడితే అయినయనే మా అందరికి ఎరుక.

"చెట్టు కాదు బిడ్డా. గిదే గుట్ట. పెండ్లయిన కొత్తల ఇంట్ల చెప్పకుంట తిరగనీకి వచ్చినం. గుడ్డెలుగు నా మీదికొస్తే ఆయన అడ్డం పడ్డడు. పెండ్లాంతోని గుట్టలెంబడి తిరిగిండంటే నవ్వుతరని, చెట్టు మీదికెల్లి పడ్డనని చెప్పిండు."

"మరి గీ తొవ్వనే ఎందుకు పట్టుమన్నవ్ అత్తా?"

"ఆ జాగను ఒక్కసారన్న మల్ల చూడాలనిపిచ్చింది."

గుడ్డెలుగును చూసినప్పటికంటె ఆ మాటకే ఎక్కువ నివ్వెరపోయిన. మా ఆయన బండి స్టార్ట్ చేసుడే మర్సిండు. నాకు ఎరుకైనకాడికెల్లి వాళ్లిద్దరు ముసలోళ్లే. వాళ్లకూ ఒక పడుసుదనం ఉండెనని, అది మాకెవ్వరికి కనవడకుంటనే గడిచిపోయిందని ఆ రోజే తెలిసింది.