రెండు అడవికి, రెండు అమీర్‌పేటకు

మా బావగారు గత నెలలో ఒక ఉదయం సోమాజిగూడలోని ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించారని పాఠకులకు తెలియజేయుటకు చింతిస్తున్నాను. బావగారంటే మా అక్క భర్త. ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసి అమీర్‌పేటలో స్థిరపడినవారు. ఆయన తన వెనుక మా అక్కను, ఒక పాత పెట్రోలు జీపును, ఆ జీపుకు ఏ స్పార్క్ ప్లగ్గులు వేయాలన్న అపరిష్కృత సమస్యను వదిలి వెళ్లారు. వీటిలో చివరిది నాకు సంక్రమించింది.

అడవి దారులకూ కొండ ఎత్తులకూ తయారైన బండి అది. నల్లమల చూడాలని కొన్నారు. ఆ బండి చూసినవి మాత్రం అమీర్‌పేట సిగ్నలు, పంజాగుట్ట సిగ్నలు, ఆ రెంటి నడుమ మెట్రో స్తంభాలు. నల్లమల ప్రయాణం రద్దయిందని ఆయన ఏనాడూ ప్రకటించలేదు. వాయిదా పడిందని కూడా అనలేదు. అది పరిశీలనలో ఉండేది.

ప్లగ్గుల్లో వేడివి, చల్లవి అని రెండు రకాలున్నాయన్న సంగతి ఆయన ద్వారానే నాకు తెలిసింది. వేడి ప్లగ్గు తన వేడిని తానే అట్టిపెట్టుకొని, ఆగుతూ సాగే బండిలో పేరుకునే మసిని కాల్చేసుకుంటుంది. చల్లది వేడిని త్వరగా వదిలేస్తుంది. ఇంజిను గంటల తరబడి ఎత్తు ఎక్కినా తట్టుకుంటుంది గాని, ఊళ్లో తిరిగితే నల్లబడి మొరాయిస్తుంది. ఏది వేయాలన్నది బండి వెళ్లే చోటును బట్టి ఉంటుంది. చిక్కంతా అక్కడే.

పంజాగుట్ట సందులోని మెకానిక్కు ఈ విషయంలో సందేహమే లేదు.

"సార్, గీ బండి యాడికి పోతది? అమీర్‌పేట నుంచి పంజాగుట్ట, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట. వేడి ప్లగ్గులు ఏపిచ్చుకోండ్రి, ఫికర్ ఉండది."

"ఏంటయ్యా, రేపు కొండెక్కుతుంటే ఇంజిను కాలిపోతే నువ్వొచ్చి తోస్తావా?" అన్నారు బావగారు.

"కొండకు పోయేముందు జర చెప్పుండ్రి. గప్పుడు చల్లయి ఏస్త."

"అడవికి ఎవరైనా ముందుగా చెప్పి వెళ్తారటయ్యా?"

మెకానిక్కు నా వైపు చూశాడు. నేను మెట్రో స్తంభం వైపు చూశాను.

మా బావగారు మొహమాటస్థులు. మెకానిక్కు మాట తీసేయలేరు, నల్లమలను వదులుకోలేరు. ఫలితంగా, నాలుగు ప్లగ్గులు పట్టే ఆ ఇంజినులో ఉభయ పక్షాల గౌరవమూ కాపాడుతూ రెండు వేడివి, రెండు చల్లవి బిగింపజేశారు. "రెండు అడవికి, రెండు అమీర్‌పేటకు. ఎవరికీ అన్యాయం జరగలేదు కదోయ్" అన్నారు నాతో. ఇంజినుకు జరిగింది. ఆనాటి నుంచి అది దగ్గుతూనే నడిచింది.

ప్రతి శనివారం ఉదయం ఆయన సెల్లారులో చాప పరిచి, మసిపట్టిన చల్లవాటిని, అంటే అడవి ప్లగ్గులను విప్పి గరుకు కాగితంతో రుద్దేవారు. ఆ కార్యక్రమానికి నా హాజరు తప్పనిసరి. అన్నీ ఒకే రకానివి వేస్తే ఈ తంతే అక్కరలేదని ఎన్నిమార్లు విన్నవించినా, "నీ అభిప్రాయం నమోదైంది" అనేవారు. ఒళ్లు మండేది. అయినా ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. సోమాజిగూడలో నా ఉద్యోగం ఊడినప్పుడు బంధువులందరూ తలా ఒక సలహా ఇచ్చారు. ఆయన మాత్రం గరుకు కాగితం చించి సగం నా చేతికిచ్చి, "ఇది పట్టుకోవోయ్" అన్నారు. ఇంకేమీ అడగలేదు. ఆ సంవత్సరంలో నేను ఊపిరి పీల్చుకున్న చోటు ఆ చాప ఒక్కటే.

సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం రివాజు. అమీర్‌పేటలో కోచింగు విద్యార్థులకు కొదవ లేదు గనుక తోసేవాళ్లకూ కొదవ ఉండేది కాదు. నేను దిగి వాళ్లతో కలిసి తోస్తుంటే, ఆయన సీటులోంచి వెనక్కి తిరిగి "ఏం కోర్సు నాన్నా?" అని కుశలం అడిగేవారు.

"అంకుల్, కోర్సు సంగతి తర్వాత. ముందు బండి మార్చుండ్రి" అన్నాడొక అబ్బాయి ఆయాసపడుతూ.

"బండిలో లోపం లేదు నాన్నా. ప్లగ్గుల విషయం పరిశీలనలో ఉంది."

హారను ఏనాడో మూగబోయింది. బాగుచేయించలేదు, ఎందుకంటే అవసరం రాలేదు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు బార్లా తెరిచి నిలబడేవాడు. అదెలాగని ఒకసారి అడిగాను. "సార్ బండి దగ్గుతది గద. గా మలుపుల్నే ఎర్కైతది. ఇగ హారన్ ఎందుకు?" అన్నాడు.

బావగారు పోయాక, చర్చిలో ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టిన రోజున తాను ఆ జీపులోనే వెళతానని మా అక్క ప్రకటించింది. ఆసుపత్రి రోజుల్లో కదలక మొండికేసిన బండి అది. కారు మాట్లాడతానన్నాను.

"ఏరా, ఇన్నేళ్లూ ఆయన పక్కన కూర్చుని వెళ్లిన గుడికి ఇవాళ ఎవరి కార్లోనో వెళ్లనా?"

నేను నమూనాకు ఒక అడవి ప్లగ్గును గుడ్డలో చుట్టి జేబులో వేసుకుని, కొత్తవి కొనడానికి బయలుదేరాను. ప్రతి దుకాణంలోనూ అదే విచారణ. ఏ మోడల్? జీపు మోడల్ చెబితే తప్పు, ఎందుకంటే అందులో ఉన్నది ఇంకో బండి ఇంజిను. ఇంజిను పేరు చెబితే, గా ఇంజినే బంద్ అయిందన్నారు. ఒక పెద్దమనిషి బిగించే మర పొడుగ్గా ఉన్న ప్లగ్గు చూపించి "పడుతది తీస్కోండ్రి" అన్నాడు. పడుతుంది, కాని లోపల పిస్టను వచ్చి దానికి గుద్దుకుంటుందని మనవి చేశాను. "అట్లైతే ఎందుకు వచ్చిండ్రు?" అన్నాడు. ప్లగ్గును మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాను. చనిపోయిన మనిషి మీద అంత కోపం రాగలదని అంతకు ముందు నాకు తెలియదు. చివరికి యూసుఫ్‌గూడలో, దుమ్ము పట్టిన అరలో, మర పొడవు సరిపోయినవి రెండు రకాలూ దొరికాయి. అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నాలుగూ ఒకే రకం వేయాలి. అడవివా, అమీర్‌పేటవా?"

అవతల అక్క కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"చర్చి పంజాగుట్టలో ఉందిరా" అంది. ఆ తర్వాత, "పాతవి పారేయకు" అంది.

ఇన్నేళ్ల పరిశీలన ఆ విధంగా ముగిసింది. మెకానిక్కు నాలుగూ వేడివే బిగించాడు. తీసేసిన అడవి ప్లగ్గులను జీపు ముందు అరలో పెట్టాను. తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది. మెకానిక్కు చెవి ఒగ్గి విని, "చెప్పలేదా నేను?" అనబోయి, అక్క మొహం చూసి, గుడ్డతో బానెట్టు తుడవసాగాడు.

ఆ రోజు చర్చికి వెళ్లేటప్పుడు గాని, తిరిగి వచ్చేటప్పుడు గాని ఏ సిగ్నలు దగ్గరా బండి ఆగిపోలేదు. ఏ విద్యార్థీ తోయలేదు. వీధి మలుపు తిరిగాం. గేటు మూసి ఉంది.

ఎదురుగా ఆపాను. ఇంజిను మెత్తగా, తడబాటు లేకుండా నడుస్తోంది. హారను లేదు. దిగి గేటు తట్టబోతే అక్క నా చేయి పట్టుకుంది.

"ఉండరా. మీ బావ బండి ఇంకా రాలేదనుకుంటున్నాడు."

గేటు ఊచల సందులోంచి చూశాను. సెల్లారు నీడలో మాకు వీపు పెట్టి, కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు వాచ్‌మన్. దగ్గు వినబడగానే లేవడానికి సిద్ధంగా రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, మలుపు వైపు తల కొద్దిగా వంచి ఉంచాడు.