ఒంగోలు దాకా ఫ్రెంచి, పందెం మీసం

ఫిబ్రవరి ఎనిమిదో తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ కదిలింది. పందెం అమల్లోకి వచ్చింది కూడా ఆ నిమిషం నుంచే. బస్సు ఒంగోలు బస్టాండులో ఆగేదాకా నేనూ మా బావమరిది ప్రసాదూ ఒకరితో ఒకరం ఫ్రెంచిలోనే మాట్లాడుకోవాలి. ఇతరులతో తెలుగు మాట్లాడవచ్చు. మాలో మాకు మాత్రం తెలుగు నిషిద్ధం, ఇంగ్లీషూ నిషిద్ధమే. ముందుగా నోరు జారినవాడు ఒంగోలులో మీసం తీయించుకోవాలి.

నా మీసం నా ఉద్యోగం కంటే రెండేళ్లు పెద్దది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషిగా నా మీద పిల్లలకున్న భయభక్తుల్లో సగం దాని పుణ్యమే. ప్రసాదు మీసం కూడా పాతదే గానీ, దాని నలుపు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది. అతనికి బ్రాడీపేటలో స్టేషనరీ కొట్టుంది. ఆ కొట్టు పైఅంతస్తులోనే ఆదివారాలు ఫ్రెంచి క్లాసు జరుగుతుంది. ఐదు నెలల కిందట, వర్షం తగ్గేదాకా కూర్చుందామని మెట్లెక్కి ఇద్దరమూ చేరిపోయాము.

అప్పటినుంచి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. ఎందుకు? పరీక్ష లేదు, ప్రమోషన్ లేదు, వెళ్లవలసిన దేశమూ లేదు. ర్యాంకు రాని చదువంటూ ఒకటి ఉంటుందంటే బ్రాడీపేటలో ఎవరూ నమ్మరు. మా టీచరుగారు మా సగం వయసు అమ్మాయి. తప్పులకు ఏమీ అనదు. "గదిలో కూర్చుంటే భాష రాదండీ. ఓ రోజు బస్సెక్కి, కనబడిన వస్తువునల్లా వేలుపెట్టి చూపించి పేరు చెప్పుకోండి" అని సలహా ఇచ్చింది. ఆ సలహాకు మీసాన్ని జోడించినవాడు ప్రసాదు.

టికెట్టు తలా నూట డెబ్బై ఐదు రూపాయలు. ఈ దారిన వెళ్లదలచినవారు కుడివైపు కిటికీ పట్టుకోవడం మంచిది. ఉదయం ఎండ ఎడమవైపు కొడుతుంది. కర్చీఫు వేసి కిటికీ సీటు నేను సంపాదించాను, పక్కన ప్రసాదు. మా ముందు సీటులో అరవై దాటిన ఒక పెద్దావిడ కూర్చుని కండక్టరు దగ్గర ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు తీసుకున్నారు. కుడికంటిని చీరకొంగుతో మాటిమాటికీ ఒత్తుకుంటున్నారు.

ఊరు దాటగానే మా చదువు మొదలైంది. ప్రసాదు ఒక లారీని చూపించి "సె గ్రాఁ" అన్నాడు. అది పెద్దది అని అర్థం. నేను మరో లారీని చూపించి అది కూడా పెద్దదే అన్నాను. గేదె పెద్దది. ఫ్లెక్సీ మీద నాయకుడు చాలా పెద్దవాడు. మాకు తెలిసిన విశేషణాలు పదకొండు కావడంతో ప్రపంచం తొందరగా అయిపోతూ వచ్చింది.

ఏడు గంటల యాభై ఐదుకు చిలకలూరిపేట. పది నిమిషాల విరామం. టీ పదిహేను రూపాయలు, బాగుంది. బండివాడితో తెలుగులో మాట్లాడి, గ్లాసు ప్రసాదు చేతికిస్తూ ఫ్రెంచిలోకి మారాను. బండివాడు మా ఇద్దరినీ చూసి, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. గుంటూరన్నాను. "మరి ఆయనది?" అన్నాడు. గుంటూరేనన్నాను. ఇంకేమీ అడగలేదు గానీ, డబ్బులు ముందే తీసుకున్నాడు.

బస్సులోకి తిరిగి వచ్చేసరికి ముందు సీటు పెద్దావిడ మావైపు తిరిగి కూర్చుని ఉన్నారు. తన పేరు శేషారత్నమనీ, ఊరు తుళ్లూరనీ, ఒంగోలులో కూతురింట దిగి రేపు పదకొండు గంటలకు కంటి ఆపరేషన్ చేయించుకుంటాననీ తానే చెప్పారు. తరువాత అసలు విషయానికి వచ్చారు.

"ఏం బాబూ, ఏ కంపెనీ మీది?"

"కంపెనీ కాదండి. బడిలో లెక్కలు చెబుతాను."

"లెక్కలా? ఎకరాల లెక్కలా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఎనిమిదీ ఇరవైకి, దూది బేళ్ల లారీ ఒకటి ముందు యాక్సిల్ విరిగి రోడ్డుకడ్డంగా నిలిచిపోవడంతో మా బస్సు ఆగింది. ఆగిన చోట కుడివైపు ఒక మిరప చేను. ఒకవైపు కోత సాగుతోంది, గట్టు మీద పట్టా పరిచి కాయలు ఎండబోశారు. ఆ వెనక ఓ ఎకరం పత్తి, ఆఖరి తీతకు మిగిలిన దూది పింజలతో ఉంది. పావుగంటకు పైగా చూడటానికి మాకు ఆ చేను తప్ప మరేమీ లేదు. అభ్యాసానికి అంతకంటే మంచి అవకాశం రాదనిపించింది.

నేను వేలుపెట్టి చేను చూపించాను. ఎర్రగా ఉంది అన్నాను. ప్రసాదు, పెద్దది, అందంగా ఉంది అన్నాడు. మాకు "కావాలి" అనే మాట కాఫీ అడిగే పాఠంలో వచ్చింది. దాన్ని వాడుకునేందుకు, నాకు ఈ చేను కావాలి, దయచేసి, అన్నాను. నాకు కూడా ఒకటి కావాలి, పంచదార లేకుండా, అన్నాడు ప్రసాదు. తరువాత అంకెలు. గట్టు మీది టేకు చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వెళ్లాము. పన్నెండు దగ్గర అతను పదమూడన్నాడు, నేను కాదని తల అడ్డంగా ఊపాను, అతను మళ్లీ వేళ్లు చూపించాడు. చివరికి ఇద్దరమూ పన్నెండుకు ఒప్పుకుని, సంతోషం కొద్దీ చేతులు కలుపుకున్నాము.

ఆ చేతులు కలపడం చూసిన శేషారత్నంగారు ఫోను తీశారు.

"ఒరేయ్ తమ్ముడూ! నేనురా, అక్కని. మార్టూరులోనే ఉన్నావా? విను. లారీ పడ్డకాడ, రోడ్డుకి పడమర మిరప చేను, వెనక పత్తి. టేకు చెట్లున్నయ్. ఆ రైతెవరో పట్టుకో. ఇంకో అరగంటలో నేను మార్టూరులో దిగుతా, బయానా ఇచ్చేస్తా... ఆపరేషనా? కన్ను వచ్చే ఏడాది చేయించుకోవచ్చురా, చేను వచ్చే ఏడాది ఉంటదా?"

నేను ముందుకు వంగి, "అమ్మా, మీరు పొరబడ్డారు. ఆ చేను సంగతి మాకేమీ తెలియదు" అన్నాను.

"తెలియకపోతే చేతులెందుకు కలిపారు?"

"చెట్లు పన్నెండని తేలిందండి."

"ఆహా!" అన్నారావిడ, బస్సు మొత్తానికి వినబడేలా.

అప్పుడు తన కథ చెప్పారు. రాజధాని ప్రకటనకు నెలముందు వాళ్లింటి అరుగు మీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని, ఆవిడ ముందే, ఇంగ్లీషులో మాట్లాడుకున్నారట. "మంచినీళ్లిచ్చి, మజ్జిగిచ్చి, అయినకాడికి ఎకరం వాళ్ల చేతిలో పెట్టి పంపించా. నెల తిరక్కుండా రాజధాని అన్నారు. ఆ రోజున నాకు ఇంగ్లీషు రాలా. ఇయ్యాల మీరు మాట్లాడేదేంటో కూడా రాదు. కానీ వేలు ఎటు చూపిస్తున్నారో తెలుస్తది బాబూ, ఒక కన్నున్నా!"

ఎనిమిదీ నలభై రెండుకు బస్సు కదిలింది. మార్టూరుకు ఇరవై నిమిషాల దారి. ఆవిడ రొంటిన దోపుకున్న గుడ్డసంచిని ఒకసారి తడిమి చూసుకున్నారు. అందులో ఉన్నది కంటి డబ్బు. ఫ్రెంచి క్లాసు గురించి చెప్పాను. పందెం గురించి చెప్పాను. మీసం గురించి కూడా చెప్పాను.

"ఫ్రెంచి ఎందుకు?"

"ఊరికేనండి."

"ఊరికే ఎవరన్నా నేర్చుకుంటారా? పిచ్చిదాన్ని చేయబాక." తరువాత తీర్పు చెప్పినట్టుగా అన్నారు: "నాతో ఎవరైనా అబద్ధం చెబుతారు. మీలో మీరెందుకు చెప్పుకుంటారు? ఆయన్ని నువ్వడుగు. తెలుగులో. ఆయన నీకు చెప్పాల. అప్పుడు నమ్ముతా."

బస్సులో సగంమంది మావైపు తిరిగారు. వెనక నుంచి ఎవరో "అడగండి మాస్టారూ, పోయేదేముంది!" అన్నారు. పోయేదేమిటో నాకు తెలుసు.

ప్రసాదు వైపు చూశాను. అతను గంభీరంగా మూడు వేళ్లు చూపించి, ఇద్దరం, కలిసి, అన్నాడు ఫ్రెంచిలో. మూడు అనగానే ఇద్దరమూ ఒకేసారి తెలుగులో నోరు తెరిస్తే ఓడినవాడు ఉండడు, మీసాలు రెండూ దక్కుతాయి, పెద్దావిడ డబ్బూ దక్కుతుంది. ప్రసాదు తెలివిని నేను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. ఇది ఒకటి. తలూపాను.

"అఁ... దొ... త్ర్వా!" అన్నాడతను.

"ప్రసాదూ, ఆ చేను గురించి నీకేమైనా తెలుసా?" అన్నాను నేను.

నేనొక్కడినే అన్నాను. ప్రసాదు పెదవులు కుట్టేసినట్టుగా మూసి ఉన్నాయి. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

"చూశారా!" శేషారత్నంగారు సీట్లోంచి లేచి నిలబడ్డారు. "ఆయన చెప్పడంలా! ఏదో ఉంది! డ్రైవరూ, మార్టూరులో నన్ను దింపెయ్!"

ప్రసాదు తీరికగా మీసం దువ్వుకున్నాడు. "కూర్చోండమ్మా, చెబుతాను. ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు" అని నావైపు తిరిగాడు. "ఆ చేను ఎవరిదో నాకు తెలియదు బావగారూ. అటు రోడ్డు వస్తుందో, రైలు వస్తుందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, మీరు ఓడిపోయారని."

బస్సంతా గొల్లున నవ్వింది. కండక్టరు టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని మరీ నవ్వాడు. నేను ఏమి చేశానో నాకు గుర్తులేదు. చెయ్యి దానంతటదే మూతి మీదికి వెళ్లిందని తరువాత ప్రసాదు చెప్పాడు. శేషారత్నంగారు మాత్రం నవ్వకుండా నా మొహంలోకి, మంచి కంటితో, చాలాసేపు చూశారు. మెల్లగా కూర్చున్నారు.

"నమ్మాను నాయనా. ఇంత నష్టపోయిన మొహం నటిస్తే రాదు."

తొమ్మిదీ నాలుగుకు మార్టూరు. ఆవిడ తమ్ముడు ఎవరో రైతును మోటారుసైకిలు వెనక ఎక్కించుకుని సిద్ధంగా ఉన్నాడు. శేషారత్నంగారు కిటికీలోంచే కేకేశారు.

"వద్దురా తమ్ముడూ! వీళ్లు ఫ్రెంచి నేర్చుకుంటున్నారంట!"

"ఎందుకంట?"

"ఊరికేనంట!"

తమ్ముడి మొహంలో అనుమానం అప్పుడు మొదలైంది. "ఊరికే ఎవరు నేర్చుకుంటారే అక్కా? ఏదో ఉంది!" అన్నాడు. అతని వెనకనున్న రైతు ఆ మాట విని, "నేను అమ్మేది లేదు. అమ్మినా ఇందాకటి రేటుకి కాదు" అన్నాడు. బస్సు కదిలింది.

పదీ పదిహేనుకు ఒంగోలు. దిగగానే ఆవిడ ప్రసాదును ఆపారు. "పందెం నువ్వే గెలిచావు, కాదన్ను. కానీ నా కంటి డబ్బు పోతుంటే మీసం చూసుకున్నావే, అదేం మొగతనం నాయనా?" అని, సమాధానం కోసం ఆగకుండా, తీసుకువెళ్లడానికి వచ్చిన కూతురి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కారు. అరిచి అన్నమాట కాదు. అందుకేనేమో, బస్టాండు దాటేదాకా ప్రసాదు మీసం మీద చెయ్యి వేయలేదు.

బస్టాండు ఎదురు సందులో సెలూను. కుర్చీలు రెండు, శుభ్రంగా ఉంది, ఆదివారమైనా రద్దీ లేదు. మీసం తీయమంటే మంగలి రెండుసార్లు అడిగాడు. కళ్లు మూసుకున్నాను. కత్తి చప్పుడు ఒక్కటి కాదు, రెండు వినిపిస్తున్నట్టనిపించి కళ్లు తెరిచాను. పక్క కుర్చీలో ప్రసాదు నురగలో ఉన్నాడు. ఎడమవైపు మీసం అప్పటికే లేదు.

"నువ్వెందుకు?" అన్నాను.

"రంగు ఖర్చు తగ్గుతుంది బావగారూ" అన్నాడు, అద్దంలోకి చూడకుండా.

భోజనం మెస్సులో, తలా నూట ఇరవై. గోంగూర చాలా బాగుంది. తిరుగు బస్సు రెండు గంటలకు. ఈసారి పందెం లేదు కాబట్టి తెలుగు అడ్డురాలేదు. అయినా మేదరమెట్ల దాకా ఫ్రెంచిలోనే తప్పులు మాట్లాడుకున్నాము. చేతులు మాత్రం ఒళ్లోనే పెట్టుకున్నాము. ఒకసారి ప్రసాదు ఏదో చూపించబోయి, పక్క సీటులోని పెద్దాయన మెడ సాచడం గమనించి, ఆ వేలుతో చెవి గోక్కున్నాడు. మంచి భాష. పని లేకుండా నేర్చుకుంటే హాయిగా వస్తుంది. దాన్ని ఈ దారిలో మాట్లాడదలచినవారు కిటికీ మూసుకుని మాట్లాడవలసిందిగా నా మనవి.

సాయంత్రం ఐదూ పదికి గుంటూరు చేరాము. ఆ రాత్రి వేసిన లెక్క ఇది.

పోయినవి: మీసాలు రెండు. ప్రసాదు అంకెల మీద నాకున్న నమ్మకం, మూడు వరకు.

మిగిలినవి: విశేషణాలు పదకొండు. మిరప చేను, దాని యజమాని దగ్గరే, ధర పెరిగి. శేషారత్నంగారి గుడ్డసంచి, ముడి విప్పకుండా. సోమవారం పదకొండు గంటలకు ఆపరేషన్ కాబోయే కుడికన్ను.